దర్వాజా దగ్గర ఇజాజత్

అబ్బా కడపలో, నేను జిద్దాలో. దుకాణం హిసాబంతా ఆయన కంప్యూటర్‌లోనే. ఇక్కణ్నుంచి చూద్దామంటే రిమోట్ డెస్క్‌టాప్ కలవదు. ఆయనది విండోస్ హోమ్. బయటివాళ్లను ఆ దారిన రానివ్వాలంటే ప్రో ఉండాలి. పైగా రూటర్‌కి నెట్ వాళ్లిచ్చిన అడ్రస్ 100.64తో మొదలైంది. అంటే మొహల్లా మొత్తానికీ బయట ఒకటే అడ్రస్. పిలుపు మా ఇంటిదాకా రాదు.

"సొంత అడ్రస్ కొని 3389 పోర్టు తెరిచెయ్" అన్నాడో దోస్త్. తలుపు బార్లా తీసి పడుకోవడమే అది!

చివరికి విండోస్‌లోని క్విక్ అసిస్టే పనికొచ్చింది. నేనిచ్చిన కోడ్ అబ్బా కొట్టి సరేనంటేనే ఆయన తెర నాకు కనిపిస్తుంది. ఇజాజత్ లేనిదే పరాయి ఇంట్లో అడుగు పెట్టొద్దన్న సూరా నూర్ అదబు గుర్తొచ్చింది.

కానీ బ్యాంకు పేరు చెప్పే దొంగ అడిగేదీ ఆ ఇజాజతే. అందుకే అబ్బాతో అన్నా: "మీరు ఫోన్ చేసినప్పుడే కోడ్ కొట్టండి. అవతలివాళ్లు చేస్తే, నా గొంతే వినిపించినా సరే, సలాం చెప్పి పెట్టేయండి."