విప్పి చూడని పొట్లం

విదేశానికి బయల్దేరే మనిషి చేతికి ఎవరు ఏ పొట్లం ఇచ్చినా, ఇచ్చినవాళ్ల ఎదుటే విప్పి చూసి పెట్టెలో పెట్టుకోవాలి. ఎంత అయినవాళ్లయినా సరే, తోబుట్టువులైనా సరే. ఈ మాట ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలుగుతున్నాను. ఒకప్పుడు చెప్పలేకపోయాను. దానివల్ల కొంత డబ్బు పోయింది, అది పెద్ద విషయం కాదు. పక్కింటివాళ్లతో ఏళ్ల తరబడి ఉన్న స్నేహానికి దెబ్బ తగిలింది, అది పెద్ద విషయం. ఆ దెబ్బకి పూర్తిగా నేనే కారణం.

మాది కార్ఖానా. జూబ్లీ బస్‌స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద తిరుమలగిరి వైపు వెళ్తుంటే వస్తుంది. చుట్టూ కంటోన్మెంటు, మధ్యలో విక్రంపురి, వాసవీనగర్, కాకాగూడ లాంటి కాలనీలు. మా వీధిలో సైన్యంలోనో బ్యాంకులోనో బళ్లలోనో పనిచేసి రిటైరైనవాళ్లమే ఎక్కువ. పిల్లలు చాలామంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. అందుకే మా దగ్గర ప్రయాణం ఒక్క ఇంటిది కాదు. ఎవరికి వీసా వచ్చిందో, ఎవరి టికెట్ ఏ తేదీకో పొద్దున పాలప్యాకెట్లు తెచ్చుకునే దగ్గరే తెలిసిపోతుంది. విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో సాగనంపడానికి సగం వీధి వచ్చేది. 2008లో అది శంషాబాద్‌కి మారాక వీడ్కోలు ఇంటి గేటు దగ్గరికి వచ్చింది. పొట్లాలు ఇచ్చే అలవాటు మాత్రం అలాగే ఉంది. అమెరికా టికెట్‌కి మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి ఇరవై మూడు కిలోలు. మా ఇళ్లలో ఒక పెట్టె మనది, రెండోది ఊళ్లోవాళ్లది.

ఆ అలవాటు నాకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే. కూతురు అక్కడ నీళ్లోసుకుందంటే తల్లి మనసు ఊరుకోదు. తను వెళ్లలేకపోతే వెళ్లేవాళ్ల చేతిలో తన వంటింటిని కాస్త పెట్టి పంపాలనుకుంటుంది. మా పక్కింటి వదినగారు అలాగే వచ్చారు. వాళ్లమ్మాయికి కాన్పయి నెల తిరగలేదు. వదినగారికి వీసా రాలేదు. రేపు మా ప్రయాణం అనగా, రాత్రి భోజనాల వేళ ఒక పొట్లం తెచ్చారు. పాత చీరముక్కలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, గోధుమరంగు టేపు నాలుగు వరసలు బిగించి ఉంది. "కారప్పొడి, కాయం, కాస్త పచ్చడి వదినా, వేరే ఏం లేదు" అన్నారు. అందులో ఏ పచ్చడి ఉందో అడగాలనిపించింది. టేపు విప్పమంటే నమ్మలేదనుకుంటారేమోనని నోరు రాలేదు. అలాగే పెట్టెలో సర్దేశాను.

విమానంలో కస్టమ్స్ కాగితం ఇచ్చారు. అప్పట్లో కుటుంబానికి ఒక్కటి చొప్పున ఇచ్చేవాళ్లు. పళ్లు, కూరగాయలు, మొక్కలు, విత్తనాలు, తిండి పదార్థాలు తెస్తున్నారా? మాంసం, మాంసంతో చేసినవి తెస్తున్నారా? ఒక్కో ప్రశ్నకి అవునో కాదో గీత పెట్టాలి. మా పెట్టెల్లో ఆవకాయ ఉంది, సున్నుండలు ఉన్నాయి. ఉన్నట్టు రాయాల్సింది. కానీ ముందు వెళ్లొచ్చినవాళ్లంతా ఒకటే మాట చెప్పారు: "రాస్తే పెట్టె తెరుస్తారు, ఏమీ లేదని పెట్టేయండి." అన్నిటికీ కాదు అని పెట్టి, కింద సంతకం నేనే చేశాను.

సామాను తిరిగే బెల్టు దగ్గర చిన్న కుక్క ఒకటి, ఆకుపచ్చ కోటు వేసుకుని, మనుషుల మధ్య తిరుగుతోంది. బీగిల్ జాతిది. అరవలేదు, మీద పడలేదు. మా పెట్టె దగ్గరికి వచ్చి బుద్ధిగా కూర్చుంది. ఆ కూర్చోవడమే దాని సైగ అని నాకు తర్వాత తెలిసింది. అమెరికా వ్యవసాయశాఖ 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఈ కుక్కలతో తనిఖీ మొదలుపెట్టింది. పెట్టెలో మామిడిపండు ఉన్నా మాంసం ఉన్నా వాసన పట్టేలా వాటికి శిక్షణ ఇస్తారు.

పెట్టె బల్లమీదికి ఎక్కింది. టేపు కోశారు. చీరముక్క లోపల కారప్పొడి, కాయం ఉన్నాయి. వాటి మధ్య తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు ఉంది, వదినగారి పెరట్లో చెట్టుది, రెమ్మలు రెమ్మలుగా, ఇంకా పచ్చగా. దాని కింద సీసాలో నాటుకోడి పచ్చడి. అధికారి నన్ను అడిగింది ఒక్కటే: "ఈ పెట్టె మీరే సర్దారా?" నేను సర్దానన్నాను. "మరి ఇందులో ఏముందో మీకు తెలుసా?" ఆ పొట్లం నాది కాదు, మా పక్కింటావిడది, ఏముందో నాకు తెలియదు అన్నాను. తప్పించుకోవడానికి ఆ మాటే సరిపోతుందనుకున్నాను. అక్కడ అంతకంటే చెడ్డ జవాబు ఇంకోటి లేదు. ఏముందో తెలియని పొట్లం సముద్రాలు దాటించి, ఏమీ లేదని సంతకం పెట్టానని నా నోటితోనే ఒప్పుకున్నట్టయింది. అక్కడి చట్టం ప్రకారం జరిమానా పదివేల డాలర్ల దాకా వేయవచ్చు. నాకు మూడు వందలతో సరిపెట్టారు. కరివేపాకు, పచ్చడి చెత్తలో పోయాయి. ఎక్కాల్సిన రెండో విమానం వెళ్లిపోయింది. అది దిగే చోట మా అబ్బాయి అర్ధరాత్రి దాకా ఎదురుచూశాడు.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గుప్పెడు కరివేపాకుకి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. ఎందుకో చదివి తెలుసుకున్నాక నోరు మూతపడింది. కరివేపాకు చెట్టు నిమ్మ, నారింజల కుటుంబానిది. వాటిమీద బతికే సిల్లా అనే చిన్న పురుగు దీనిమీద కూడా బతుకుతుంది, గుడ్లు పెడుతుంది. మన బత్తాయి రైతులకి బాగా తెలిసిన గ్రీనింగ్ తెగులు ఆ పురుగు ద్వారానే చెట్టు నుంచి చెట్టుకి పాకుతుంది. ఒకసారి పట్టిందంటే మందు లేదు. ఫ్లోరిడాలో 1998లో పురుగు కనిపించింది, 2005లో తెగులు బయటపడింది. 2003-04లో ఆ రాష్ట్రం ఇరవై నాలుగు కోట్ల పెట్టెల నారింజలు పండించింది. 2022-23 నాటికి పంట రెండు కోట్ల పెట్టెలకు కూడా చేరలేదు. తుపాన్లూ తోడయ్యాయిగానీ తోటల్ని ప్రధానంగా తినేసింది ఆ తెగులే. కోడిపచ్చడి సంగతీ అంతే. బర్డ్ ఫ్లూ, గాలికుంటు లాంటి రోగాలు మాంసంతో పాటు దేశాలు దాటుతాయని వాళ్ల భయం. రాయదుర్గంలోనో నల్గొండలోనో తోట ఎండిపోయిన రైతుని అడిగితే ఆ భయం సబబే అంటాడు.

ఇంతవరకూ జరిగింది ఒక పొరపాటు. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

తిరిగొచ్చాక వాకింగ్‌లో, గుళ్లో, పెళ్లిళ్లలో ఎవరు అమెరికా సంగతులు అడిగినా ఈ కథే చెప్పాను. కథలో కుక్క ఉంది, అధికారి ఉన్నాడు, జరిమానా ఉంది, టేపు బిగించిన పొట్లం ఉంది. నేను పెట్టిన సంతకం లేదు. ఆవకాయ ఉందని తెలిసీ కాదు అని రాసిన సంగతి లేదు. వదినగారి పేరు చెప్పలేదుగానీ మా వీధిలో పేరు చెప్పనక్కర్లేదు. ఆవిడకి మాత్రం చెప్పలేదు. కాన్పయిన కూతురికి పంపింది చెత్తబుట్టలో పడిందని ఎలా చెప్పడం అని మళ్లీ అదే మొహమాటం. పొడులు అందాయని వాళ్లమ్మాయి ఫోన్ చేసింది, ఆవిడ అంతా అందాయనుకున్నారు. చివరికి ఎవరి నోటో విన్నారు. ఆ తర్వాత మా గేటు ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకునేవారు. బతుకమ్మకి వచ్చి పసుపుకుంకుమ తీసుకునే మనిషి ఆ ఏడు రాలేదు.

చాలా రోజులు నాలో నేను వాదించుకున్నాను, నాకే కదా నష్టం జరిగింది అని. మావారు ఒకరోజు సూటిగా అడిగారు: "కాగితం మీద సంతకం ఎవరిది?" ఆ సాయంత్రమే వెళ్లాను. జరిగిందంతా వరసగా చెప్పాను, నేను రాసిన అబద్ధంతో సహా. ఊరంతా చెప్పి మీకు చెప్పకపోవడం నా తప్పు, క్షమించండి వదినా అన్నాను. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కాసేపయ్యాక అన్నారు: "ఆ రాత్రి ఒక్కమాట అడిగి ఉంటే అక్కడే తీసేసేదాన్ని కదమ్మా. తీసుకెళ్లకూడదని నాకు మాత్రం ఎవరు చెప్పారు? మీరు విప్పి చూస్తే నాకెందుకు కోపం? నలుగురిలో నన్ను తెలివితక్కువదాన్ని చేశారు, దానికి బాధపడ్డాను."

నేను ఏది జరుగుతుందని భయపడి అడగలేదో, అది జరిగేదే కాదు. అడగకపోవడం వల్ల జరిగినదాన్ని బాగుచేసుకోవడానికి ఏడాది పట్టింది. మొహమాటాన్ని నేను మర్యాద అనుకున్నాను. ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని పడ్డాననుకున్నాను. నిజానికి ఆ రెండు నిమిషాల ఇబ్బంది నాకు కలగకూడదని పడ్డాను. 

నాది కరివేపాకుతో పోయింది. అందరికీ అలా పోదు. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఒక ఐరిష్ గర్భిణి సంచిలో పేలుడు పదార్థం దొరికింది. పెళ్లి చేసుకుంటానన్న మనిషే ఆమెకి తెలియకుండా పెట్టాడు. సంచి ఎవరు సర్దారని అడిగే ప్రశ్న వెనక ఇలాంటి చరిత్ర ఉంది. 2019 జులైలో ముంబయి నుంచి దోహా వెళ్లిన ఒక జంట సామానులో నాలుగు కిలోల చరస్ బయటపడింది. ఆ యాత్ర బంధువు ఇచ్చిన కానుక, పొట్లం కూడా ఆవిడే ఇచ్చింది. ఇద్దరికీ పదేళ్ల శిక్ష పడింది. ఆ అమ్మాయి జైల్లోనే ప్రసవించింది. నిర్దోషులని తేలి 2021 ఏప్రిల్‌లో ఇల్లు చేరారు. ఇక ప్రేమతో ఇచ్చినదైనా నియమం నియమమే. 2025లో మలయాళ నటి నవ్యా నాయర్ ఓణం వేడుకకి మెల్‌బోర్న్ వెళ్తే, తండ్రి కొనిచ్చిన మల్లెదండ సంచిలో ఉన్నందుకు 1,980 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేశారు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. ప్రయాణానికి వారం ముందే అందరికీ చెప్తాను: తెచ్చేది విడిగా తెండి, ఇక్కడే కూర్చుని కలిసి కడదాం. పచ్చి ఆకులు, పళ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు వద్దని ముందే చెప్తాను. ఎవరి మందులు వాళ్ల చీటీతోనే. తిండి పదార్థం ఉంటే ఉందని చెప్తాను. అమెరికాలో చాలాచోట్ల ఇప్పుడు కాగితం లేదు, నోటితోనే అడుగుతారు. ఉందని చెప్తే చూస్తారు, కూడనిది ఉంటే తీసేస్తారు, జరిమానా ఉండదు. ఆవకాయ ఉందని చెప్పి ఆవకాయతోనే బయటికొచ్చాను. ఈ పద్ధతికి ఇంతవరకూ ఎవరూ నొచ్చుకోలేదు. వదినగారైతే ఇప్పుడు తెచ్చిన ప్రతి డబ్బా మూత తీసి చూపించి మరీ ఇస్తారు.

ఈమధ్య మా వాచ్‌మన్ కొడుకు దుబాయ్ బయల్దేరాడు. వాళ్లది జగిత్యాల. కరీంనగర్ మీదుగా జూబ్లీ బస్‌స్టేషన్‌కి వచ్చే బస్సులన్నీ మా ముందు నుంచే పోతాయి, గల్ఫ్‌కి పోయేవాళ్లు ఎంతమందో అందులో ఉంటారు. ఆ అబ్బాయి సంచి దగ్గర కూర్చుని చూశాను. తల్లి దంచిచ్చిన మసాలాలో గసగసాలు ఉన్నాయి. మన ఇంట్లో అవి కూరలో వేసే దినుసు, ఆ దేశంలో నిషేధం. ఊరివాడొకడు అక్కడున్న తమ్ముడికి ఇమ్మని ఇచ్చిన కవర్లో నొప్పి బిళ్లలు ఉన్నాయి, అట్టమీద ట్రమడాల్ అని ఉంది. ముందస్తు అనుమతి లేకుండా అది అక్కడికి తీసుకెళ్లకూడదు. రెండూ తీయించాను. కవరిచ్చిన మనిషికి ఆ అబ్బాయి చేతే ఫోన్ చేయించాను. "అట్లనా, నాకు తెల్వదు తమ్మీ, తీసెయ్" అన్నాడాయన. అంతే, రెండు నిమిషాలు.

నేను మూడు వందల డాలర్లు కట్టి మనవణ్ణి ఎత్తుకున్నాను. అలాంటి అబ్బాయి పట్టుబడితే ఉద్యోగం పోతుంది, జైలు పడుతుంది, ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు ఇక్కడ తల్లిదండ్రుల మీద పెరుగుతుంది. భాష తెలిసి, చదువుకుని, వెనక పిల్లలున్న నాకే ఆ బల్ల ముందు నోట మాట సరిగా రాలేదు. మీ వీధిలో, మీ ఊళ్లో ఎవరైనా పొట్టకూటికి గల్ఫ్ వెళ్తుంటే, ముందురోజు ఒక గంట వాళ్ల సంచి దగ్గర కూర్చోండి. ప్రతి పొట్లం విప్పించి చూడండి. మీరే పొట్లం ఇచ్చేవాళ్లయితే, వాళ్లు అడగకముందే విప్పి చూపించండి.