మా ఇంటి డిష్‌వాషర్ ఎందుకు ఆగలేదంటే

మొన్న జుమేరాత్ రాత్రి ఇషా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి వంటింట్లో గుర్రుమని ఒకటే మోత. మా డిష్‌వాషర్ నీళ్ళు తోడేస్తోంది. తోడటానికి లోపల చుక్క నీళ్ళు లేవు, అయినా మోటారు ఆగదు. ఆఫ్ బటన్ నొక్కాను. ఆగలేదు. తలుపు తెరిచాను. ఆగలేదు. గోడ దగ్గర స్విచ్చి ఆపితే ఊరుకుంది. మళ్ళీ వేయగానే మళ్ళీ మొదలు.

ఆ మషీన్ మా ఇంటికి రావడమే ఒక కిస్సా. పోయిన రంజాన్‌లో సహెరీ గిన్నెలు, ఇఫ్తార్ గిన్నెలు తోమి తోమి మా బేగం కుడి మణికట్టు వాచింది. డాక్టర్ సాబ్ పట్టీ కట్టి, గిన్నెల జోలికి పోవద్దన్నారు. ఆమె టీచర్. ఆ చేత్తోనే బోర్డు మీద రాయాలి. ఈద్ కాగానే కిస్తుల మీద మషీన్ కొన్నాను. అమ్మీకి మాత్రం తసల్లీ లేదు. "పారే నీళ్ళల్ల మూడుసార్లు కడిగితేనే బర్తన్ పాక్ అయితది. ఈ పెట్టె లోపల ఏం చేస్తదో ఎవరు చూసిన్రు?" అని ఆమె షక్.

ఆ రాత్రి నాకు వెంటనే ముల్జిం దొరికింది. ముందురోజు బేగం బిర్యానీ దేగ్చాను కింది అరలో ఇరికించడం నేను చూశాను. "జబర్దస్తీగా తోశావు, లోపల ఏదో విరిగింది" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. మణికట్టుకు పట్టీ అలాగే ఉంది. రెండోవైపు మాట తీసుకోకుండా ఖబర్ రాయొద్దని ఆఫీసులో కొత్త కుర్రాళ్ళకు చెప్తుంటాను. ఇంట్లో మాత్రం ఫైసలా ముందు, విచారణ తర్వాత.

మర్నాడు జాలీ తీసి కడిగాను. నాలుగు మెతుకులు, ఒక నిమ్మగింజ దొరికాయి. నీళ్ళు బయటికి పోయే పైపు మడత పడిందేమో చూశాను. లేదు. దాని చివర మరీ కిందికి ఉంటే నీళ్ళు వాటంతటవే జారిపోతాయని విన్నాను. అదీ కాదు, పైపు ఎత్తులోనే ఉంది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, చూడకుండానే "బోర్డు పోయినట్టుంది సార్, మార్చాలి" అన్నారు. వాళ్ళూ నాలాగే.

చివరికి మా మస్జిద్ గల్లీలో వాషింగ్ మషీన్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలిచాను. ముందు ప్లగ్గు పీకాడు, నల్లా కట్టేశాడు. కింద ముందరి రేకు విప్పి టార్చి వేశాడు.

"మషీన్ ఖరాబ్ కాలేదు సాబ్. డర్ గయా" అన్నాడు.

వంగి చూశాను. అడుగున ఒక పళ్ళెం, అందులో రెండు గ్లాసుల నీళ్ళు, వాటి మీద తేలుతూ ఒక థర్మాకోల్ ముక్క. ఎక్కడైనా కారి నీళ్ళు ఆ పళ్ళెంలో చేరితే ఆ ముక్క పైకి లేచి చిన్న స్విచ్చిని నొక్కుతుంది. ఇక మషీన్ కొత్త నీళ్ళు రానివ్వదు, లోపలివి తోడేస్తూ ఉంటుంది. వంటిల్లు మునగకుండా అదొక హిఫాజత్. కానీ మోటారు తోడేది పైన తొట్టిలో నీళ్ళను. అడుగు పళ్ళెంలోవి దానికి అందవు. అందుకే ఎంత తోడినా ముక్క దిగదు, మోటారు ఆగదు.

"మరి నీళ్ళెక్కడివి?"

అతను వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. జారుతోంది. నిమ్మకాయ వాసన. "ఇందులో చేత్తో తోమే లిక్విడ్ ఎవరేశారు?"

గడప దగ్గర నిలబడ్డ అమ్మీ ఓణీ అంచు పట్టుకుని మెల్లగా చెప్పింది. "నేనే వేసిన బేటా. ఒక్క చెంచా. ఝాగ్ నై ఆయా తో సాఫ్ కైసా హోతా?"

మషీన్ పౌడర్ కావాలనే నురగ రాకుండా చేస్తారు. చేత్తో తోమే లిక్విడ్ వేస్తే లోపల నీళ్ళు చిమ్మే వేగానికి నురగ పొంగి, తలుపు కింది సందుల్లోంచి అడుగుకు దిగుతుంది. ఈ సంగతి అమ్మీకి ఎవరు చెప్పారు? ఇంగ్లీషు కితాబు చదివి సొరుగులో పెట్టింది నేనే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, నోటీసు బోర్డు ముందు ఒత్తులు కూడబలుక్కుంటూ, పక్కవాణ్ణి అడగడానికి షరమ్ పడినవాణ్ణి. ఆ సంగతి నేనే మర్చిపోతే ఎలా?

కుర్రాడు పళ్ళెంలో నీళ్ళు బట్టతో పీల్చి ఆరబెట్టాడు. లోపలి నురగ తోడేసి రెండుసార్లు ఉత్త నీళ్ళతో తిప్పాడు. పౌడర్ సరైనదే వాడినా మళ్ళీ నీళ్ళు చేరితే పైపో, తలుపు రబ్బరో కారుతున్నట్టేనని చెప్పి వెళ్ళాడు. మీ ఇంట్లో ఇలా అయితే ముందు ప్లగ్గు తీయండి, నల్లా కట్టండి, తర్వాత అడుగున చూడండి. బోర్డు మాట ఆఖర్న.

ఆ రాత్రి బేగంను మాఫీ అడిగాను. "మాఫీ సరే. ఒక్క మాట నన్ను అడిగి ఉంటే చాలు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. మిగిలిన గిన్నెలు నేనే తోమాను.

తర్వాత ఉర్దూలో ఒక చీటీ రాసి మషీన్ మీద అంటించాను. ఏ బటన్ దేనికి, ఏ సాబున్ వేయాలి, ఏది వద్దు. అమ్మీ అద్దాలు పెట్టుకుని చదివి, నా పెన్ను అడిగింది. "సాబున్‌కు స్వాద్ రాయాలె, సీన్ కాదు. ఇంత చదివి ఇదా నీ ఇమ్లా?" అని దిద్దింది.

మషీన్ నడిచినంతసేపూ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. పాత నీళ్ళు బయటికి పోయే చప్పుడు వచ్చినప్పుడల్లా ఒక వేలు మడిచింది. ఆఖరికి నా వైపు తిరిగి అంది.

"మూడు కాదు, నాలుగుసార్లు మారుస్తది. ఈ మాట ముందే చెప్పొద్దా?"