కాన్‌స్టిట్యూషనల్

మా అయ్య 1984లో మిలట్రీ నుంచి ఇంటికొచ్చాడు. ట్రంకుపెట్టె, కంబళి, మూర్ఛ. తెచ్చుకున్నవి ఇవే. చేర్చుకున్నప్పుడు ఛాతీ కొలిచారు, పళ్లు లెక్కపెట్టారు. ఏ జబ్బూ రాయలేదు.

వికలాంగ పింఛను అర్జీ తిప్పిపంపారు. అప్పీలూ కొట్టేశారు. ఇంగిలీషు కాయితం చదవటం నా వంతు. అందులో 'కాన్‌స్టిట్యూషనల్' అన్న మాట చూసి సంబరపడిపోయాను. అంబేద్కర్ మాట గదా! మా మాస్టారు అర్థం చెప్పారు. పుట్టుకతోనే ఒంట్లో ఉన్న జబ్బట. సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, ముదిరిందీ కాదట.

"ఏటి రాసినారు బాబూ?" అంది అమ్మ.

"అయ్య పుట్టుకలోనే ఉందంటన్నారమ్మా."

"మన పుట్టుక ఊసు ఆలకెందుకు?"

గాజువాక మాలపేటలో మా పుట్టుక ఎవరో ఒకరు లెక్కగడుతూనే ఉంటారు, మిలట్రీ కాయితంలో కూడానా! పోర్టు కాడ బొగ్గు గుట్టల కాపలా పని దొరికింది గానీ, పడిపోతాడని నెలకే మానిపించారు. 2003లో పోయాడు.

2013 జులైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆయనదీ మూర్ఛే, 20 శాతం. చేరేనాడు జబ్బు రాయకపోతే సర్వీసులో వచ్చినట్టే ఎంచాలి. కాదని రుజువు చెయ్యాల్సింది సిపాయి కాదు. మెడికల్ బోర్డు కారణాలు రాయాలి. ఇవన్నీ రాయడానికి ఒక కోర్టు కావలసొచ్చింది!

అయ్య చేరేనాటి కాయితం ట్రంకుపెట్టెలోనే ఉంది. సైనిక ట్రిబ్యునల్‌కి అర్జీ రాశాను. అమ్మ వేలిముద్ర వేసి, సిరా చీరకు తుడుచుకుంటూ, "ఇది ఎన్నాళ్లకొస్తాది బాబూ?" అంది.