అమరినంత మాత్రమున సరిపోయినట్లు కాదు

మేము ఇద్దరు మిత్రులము మంగళగిరిలో ఇంటర్మీడియట్ చదువుచున్న 2004వ సంవత్సరపు ముచ్చట ఇది. మా వీధిలోని ఒక నేత కుటుంబము వారు చీరల అంచు నమూనాలు గీసికొనుటకై పాత కంప్యూటరొకటి కొన్నారు. వేసవిలో అది మొరాయించినది. "చదువుకున్న పిల్లలు గదా, కాస్త చూడండి నాయనా" అని బాబాయి మమ్ము పిలిచినాడు. మా ఛాతీ ఎంత ఉప్పొంగినదో చెప్పనక్కరలేదు.

పవర్ సప్లయి చెడినదని గ్రహించి, గుంటూరు నుండి వేరొకటి తెచ్చితిమి. దాని 20 రంధ్రముల కనెక్టరు మదర్‌బోర్డుపై చక్కగా కూర్చున్నది. ఇక చూడవలసినది లేదనుకొని స్విచ్చి వేసితిమి. ఒక్క చిటపట, సన్నని పొగ, కాలిన వాసన. బోర్డు పోయినది. బాబాయి కోపగించలేదు. "పడుగుకు తగిన పేకేనా అని చూడకుండా మేము నాడె విసరము నాయనా" అన్నాడు. ఆ మాట నేటికిని మాకు గుచ్చుకొనుచునే యున్నది.

గుంటూరులోని ఒక మరమ్మతు ఉస్తాద్ మాకు గుట్టు విప్పినారు. "బేటా, కనెక్టరు ఆకారము చూచినారు గాని, తీగెల వరుస చూచినారా?" అని అడిగినారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ ప్రమాణమును ప్రకటించినది. దానిలో నారింజ తీగె 3.3 వోల్టులు, ఎరుపు 5, పసుపు 12, నలుపు ఎర్తు. కాని 1990ల చివర కొందరు తయారీదారులు ఆకారము అదే ఉంచి వరుస మార్చిరి. ఎర్తు ఉండవలసిన చోట వోల్టేజి ప్రవేశించినచో బోర్డు బ్రతుకునా?

ఆయన నేర్పిన పాఠములు ఇవి. బోర్డు పటమును, సప్లయి తీగెల వరుసను ముందుగా పోల్చవలెను. మల్టీమీటరుతో కొలిచినచో 12 వోల్టుల తీగెపై 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. వాట్ల సంగతి వేరు. కొండమీది పానకాలస్వామి బిందెలో సగమే గ్రహించి తక్కినది విడుచునని మన ఊరివారందురు గదా. బోర్డు కూడ తనకు వలసినంత కరెంటునే తీసికొనును. కనుక వాట్లు ఎక్కువైన హాని లేదు, తక్కువైననే చిక్కు. ప్రాసెసరుకును, గ్రాఫిక్స్ కార్డుకును ఇచ్చు 8 రంధ్రముల కనెక్టర్లు చూపునకు ఒకే రీతి నున్నను, వాటి వరుసలు తలక్రిందులు; బలవంతముగా దూర్చరాదు. పని మొదలిడుటకు ముందు ప్లగ్గు ఊడదీయవలెను. సప్లయి పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

ఆ యేటి మా స్కాలర్‌షిప్పు సొమ్ముతో వేరొక బోర్డు కొని, ఈసారి ప్రతి తీగెను కొలిచి అమర్చితిమి. తెరపై అంచు నమూనా మరల కనిపించిన నాడు బాబాయి మాకు టీ ఇప్పించినాడు. తలెత్తి ఆయనను చూచుటకు మాత్రము మాకు మరికొంత కాలము పట్టినది.

మిత్రులారా, ఒకరి జీవనాధారము మన చేతికి వచ్చినప్పుడు, తెలిసినదను గర్వము కన్న కొలిచి చూచు ఓపిక మేలు.