ఏలినవారి విడిది

తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ దాటి హకీంపేట వైపు బస్సులో వెళ్లేవాళ్లకు ఆ ప్రహరీ కొత్తేం కాదు. గేటు, గేటు దగ్గర తుపాకీతో కాపలా, లోపల గుబురుగా చెట్లు. అంతవరకే కనిపించేది. డిసెంబరులో రాష్ట్రపతి వస్తున్నారంటే ఆ దారిలో ట్రాఫిక్ ఆగేది. ఆయన వెళ్లాక కొద్దిరోజులు ఉద్యానవనాన్ని చూడనిచ్చేవారు. మిగతా ఏడాదంతా తాళమే!

బొల్లారం రాష్ట్రపతి నిలయం... ఇంతకీ ఈ ఇల్లు ఎవరిది? జవాబు కోసం 1857లోకి వెళ్లాలి.

ఆ ఏడాది జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ అనుచరులతో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. రెసిడెంటు డేవిడ్‌సన్ ఫిరంగులతో దాన్ని తిప్పికొట్టాడు. కానీ నగరం నడిబొడ్డున కాపురం ఎంత ప్రమాదమో దొరలకు తెలిసొచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, అంటే 1860లో, బొల్లారంలో విడిది భవనం లేచింది. కట్టించింది నిజాం. మకాం రెసిడెంటుది. చుట్టూ కాపలాకు బొల్లారంలోనే హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఉంది.

అసలు విడ్డూరం ఆ సైన్యం జీతాల దగ్గరే ఉంది. పెత్తనం తెల్లదొరలది, ఖర్చు నిజాంది! ఆ బకాయిల కిందే 1853లో బేరార్‌ను కంపెనీ చేతికి అప్పగించాల్సి వచ్చింది. 1902లో అదే బేరార్‌ను ఏడాదికి 25 లక్షల రూపాయలకు బ్రిటిష్‌వాళ్లకు శాశ్వత లీజుకు రాసిచ్చారు. ఇల్లు ఇచ్చి, కాపలావాడి జీతమూ ఇచ్చి, చివరికి పొలం కూడా రాసిచ్చిన ఆసామి లెక్క అన్నమాట. పోనీ ఆ కాపలా అయినా గట్టిదా అంటే, 1855 మొహర్రం రోజుల్లో ఇదే బొల్లారంలో బ్రిగేడియర్ మెకంజీ మీద కత్తి దూసింది సొంత రౌతులే!

హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాక ఈ భవనం రాష్ట్రపతి సచివాలయానికి దక్కింది. 90 ఎకరాల తోట మధ్య ఒకే అంతస్తు ఇల్లు. గోల్కొండలా బెదిరించదు, ఫలక్‌నుమాలా మిరుమిట్లు గొలపదు. చూడాల్సింది సొరంగం. వంటిల్లు ఒకచోట, భోజనశాల మరోచోట కావడంతో రెంటినీ భూగర్భ మార్గంతో కలిపారు. ఇప్పుడు దాని గోడల మీద చేర్యాల బొమ్మలు కొలువుదీరాయి. తోటలో ఔషధ మొక్కలు, 27 నక్షత్రాలకు 27 చెట్లతో నక్షత్రవాటిక, పాతకాలపు మెట్ల బావులు ఉన్నాయి. విలీనానికి గుర్తుగా నిలిచిన జెండా స్తంభానికి 120 అడుగుల ఎత్తుతో ప్రతిరూపాన్ని 2023 డిసెంబరులో నిలబెట్టారు.

రాష్ట్రపతి వేసవి విడిది ఉన్న షిమ్లా దగ్గరి మషోబ్రాదీ ఇలాంటి కథే. కోటి సంస్థానం రాజు దగ్గర శాశ్వత లీజుకు తీసుకున్నది. (మన కోఠీకీ ఆ కోటికీ సంబంధం లేదు!)

అంతెందుకు, సాక్షాత్తూ బ్రిటన్ రాజుగారి తమ్ముడు ఆండ్రూ కూడా అద్దెకున్నవాడే. విండ్సర్‌లోని రాయల్ లాడ్జ్‌ని 2003లో 75 ఏళ్లకు లీజుకు తీసుకున్నాడు. ముందుగా 10 లక్షల పౌండ్లు కట్టి, మరమ్మతులకు 75 లక్షల పౌండ్లు పెట్టుకోవడంతో అద్దె 'అడిగితే ఒక్క మిరియం గింజ'. 2025 అక్టోబరులో బిరుదులతోపాటు ఇంటికీ ఎసరొచ్చింది, లీజు వదులుకోమని నోటీసు అందింది.

మళ్లీ సికింద్రాబాద్‌కు వద్దాం. బేగంపేటలో పైగా ప్యాలెస్ ఉంది. కట్టించింది వికారుల్ ఉమ్రా. ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. అది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పరమయ్యాక, 1900 ప్రాంతంలో ఈ భవనానికి మారాడు. ఫలక్‌నుమాను నిజాం కుటుంబం 2000లో తాజ్ హోటళ్లకు లీజుకిచ్చింది. పదేళ్ల మరమ్మతుల తర్వాత 2010లో అది హోటలైంది. పైగా ప్యాలెస్ దారి వేరు. నగరాభివృద్ధి సంస్థ హుడా కార్యాలయమై, 2008లో అమెరికా కాన్సులేట్‌కు లీజుకు వెళ్లింది. నవాబు దేవిడీ గుమ్మంలో అమెరికా భద్రతా సిబ్బంది! ఫోన్లు లోపలికి రానివ్వరు. బయట, ఫైలు గుండెకు హత్తుకున్న పిల్లలు, వాళ్లకంటే ఎక్కువ కంగారుపడే అమ్మానాన్నలు. తెలుగునాట ఎన్ని కుటుంబాల జాతకాలు ఆ గేటు దగ్గర తేలాయో! అయినా ఆ భవనం అందం తలెత్తి చూసినవాళ్లు తక్కువే.

2023 మార్చి 20న కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలో పని మొదలుపెట్టింది. రెండు రోజులకే, ఉగాది నాడు, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము బొల్లారం నిలయం తలుపులు ఏడాది పొడవునా ప్రజలకు తెరిచారు. ఆ వారం ఒకచోట కాపలా తొలగింది, మరోచోట కాపలా వారే సందర్శకులకు దారి చూపారు. దేవిడీని కూడా ఇలాగే జనం చూసే రోజొస్తే బాగుండు.

బొల్లారం వెళ్లాలనుకుంటే ఆన్‌లైన్‌లో ముందే సమయం ఖరారు చేసుకోవడం మేలు. సోమవారాలు సెలవు. తెరిచిన కొత్తలో టికెట్ 50 రూపాయలు పెట్టారు. తోట పెద్దది, కాబట్టి పెద్దవాళ్లను తీసుకెళ్తే తీరిగ్గా సగంపూట పెట్టుకోండి. రాష్ట్రపతి విడిది చేసే రోజుల్లో మాత్రం ఆ గేటు మళ్లీ పాత గేటే.