లేత వైను జాతకం

కొత్త ఆవకాయ మూడోనాడు నాలుకకు రాసుకుని, ఇది ఏడాది నిలుస్తుందో లేదో తేల్చి చెప్పే అమ్మమ్మలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఫ్రాన్సు దేశంలో బోర్డో ప్రాంతంవారు ఇలాంటి విద్యనే ఒక వృత్తి చేసుకున్నారు. ఆరు నెలల ఎర్ర వైను పుక్కిట పట్టి, ఇది ఇరవయ్యేళ్ళు బతుకుతుందా అన్నది చెప్పడం ఆ వృత్తి.

పుక్కిట పట్టి అన్నాను గాని, మింగి అనలేదు. ఉమ్మెయ్యాలి. పూటకు ముప్పై రకాలు చూడవలసినవాడు మింగుతూ పోతే, వైను జాతకం మాట దేవుడెరుగు, తన ఇంటి దారే చెప్పలేడు. కాబట్టి మద్యం గిట్టనివారు కూడా ఈ నాలుగు ముక్కలూ నిర్భయంగా చదవవచ్చు.

అక్కడ ద్రాక్ష కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. పులిసిన రసం 225 లీటర్ల ఓక్ కర్ర పీపాల్లోకి చేరుతుంది. మరుసటి ఏప్రిల్‌లో వర్తకులూ విమర్శకులూ వచ్చి, పీపాలోంచి తీసిన రసం రుచి చూస్తారు. పేరున్న తోటల వైనుకు ఆ వసంతంలోనే బేరం, అప్పుడే డబ్బు. సీసా చేతికి వచ్చేది సుమారు రెండేళ్ళకు. జోస్యం తప్పితే నష్టం కొన్నవాడిదే. పైగా బోర్డో వైనులో ఎక్కువ భాగం కొద్ది ఏళ్ళలో తాగెయ్యవలసిన రకమే. దాచదగ్గది కొంతే.

2017 ఏప్రిల్‌లో నేను అటు వెళ్ళడానికి కారణం టులూజ్‌లో ఉద్యోగం చేసే నా మిత్రుడు. వాళ్ళమ్మాయి 2016లో పుట్టింది. ఆ ఏటి పంట వైను పన్నెండు సీసాలు కొని, పిల్లకు ఇరవయ్యేళ్ళు నిండిననాడు తెరవాలని వాడి కోరిక. “పిల్ల పేర బంగారం కొనేవాళ్ళను చూశాను గాని, సారా కొనేవాళ్ళను చూడలేదండీ!” అన్నది వాళ్ళావిడ నాతో. వాడి పట్టు వాడిది.

పోయాక్ గ్రామంలో ఒక నేలమాళిగలో పెద్దాయన గ్లాసులో రెండు గుక్కలు పోశాడు. రంగు నేరేడుపండు రసమే. వయసొచ్చేకొద్దీ ఆ ఊదా పోయి, ఎరుపు తిరిగి, చివరకు ఇటుకరంగుకు వస్తుంది. నోట్లో పోసుకోగానే లేత వక్క నమిలినట్టు చిగుళ్ళు పట్టేశాయి. ద్రాక్ష తొక్కలోనూ, గింజలోనూ, కొంత పీపా కర్రలోనూ ఉండే టానిన్ చేసే పని అది. లాలాజలంలోని మాంసకృత్తులను అది పట్టేసుకోవడంవల్ల నోరు జారుడు పోయి పిడచ కడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ టానిన్ అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని, కొంత మడ్డిగా దిగిపోతాయి. రుచి మెత్తబడుతుంది.

“ఇంత వగరుంటే నూరేళ్ళు నిలుస్తుందిరా!” అన్నాడు మావాడు.

అక్కడే ఉంది చిక్కు. 1975 పంటకు వగరు మెండు. దీర్ఘాయుష్షు అనుకున్నారు. చాలా సీసాల్లో వగరు తగ్గేలోపే పండురుచి వాడిపోయింది. 1982 పంట లేతవయసులోనే మెత్తగా, కమ్మగా ఉన్నదని, ఇది నిలవదని కొందరు పెదవి విరిచారు. దానిలోని మేలురకం సీసాలు నలభయ్యేళ్ళు దాటినా నిక్షేపంగా ఉన్నాయి.

కనక వగరు ఒక్కటీ చూసి లాభం లేదు. అది పచ్చి అరటికాయ వగరా, పండిన నేరేడు వగరా? దాని వెనక పండురుచి నిండుగా ఉన్నదా? నోరూరించేపాటి పులుపు ఉన్నదా? ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలిచింది? ఈ నాలుగూ సమంగా ఉండాలి. ఒకటి మించి మూడు తగ్గితే ఆ వైను ముసలిదవుతుందే తప్ప పెద్దది కాదు.

మళ్ళీ ఒక గుక్క తీసుకున్నాను. వగరు గట్టిదే గాని గరుకు లేదు. పులుపు చురుగ్గా ఉంది. ఉమ్మేశాక మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా పండువాసన పోలేదు. “కొనరా” అన్నాను.

వాడు వెంటనే ఊ కొట్టలేదు. “అప్పటికి నాకు అరవై మూడేళ్ళు” అన్నాడు మెల్లిగా. ఫ్రెంచిలో ఆ మాట విన్న పెద్దాయన నవ్వి, తనకు డెబ్భై దాటాయని, ఆ సీసా తెరిచే సంబరం తను చూస్తానని నమ్మకం లేదని, అయినా ఇవాళ ఈ పీపా రుచి చూడక తప్పదని చెప్పి, తన గ్లాసులోది శ్రద్ధగా పుక్కిలించి ఉమ్మాడు.

సీసాలు 2019లో వచ్చాయి. బిరడా ఎండిపోకుండా పక్కకు పడుకోబెట్టి, చీకట్లో, పన్నెండు పధ్నాలుగు డిగ్రీల చల్లదనంలో ఒక వర్తకుడి నేలమాళిగలో అద్దెకు ఉంచాడు. ఒక్కటి మాత్రం 2026లో తెరిచి చూడమని సలహా ఇచ్చాను. పదేళ్ళ పిల్లను చూస్తే కొంత తెలియదూ?

తక్కిన పదకొండూ అమ్మాయివి. ఆ పిల్లకు వైను గిట్టకపోతే ఏం చెయ్యాలన్నది వాళ్ళావిడ ప్రశ్న. దానికి మాత్రం పోయాక్‌లో కూడా ఎవరూ జోస్యం చెప్పలేరు.