ఫీజు లెక్క

మా చిత్తూరు పక్క డబ్బుని 'లెక్క' అంటారు. "జేబులో లెక్కుందా?" అంటే డబ్బుందా అని. హాస్టల్లో కోస్తా ఫ్రెండ్స్ దీనికి నవ్వుతారు గానీ, నాకు మాత్రం ఆ రెండూ ఒకటేనని నాలుగో క్లాసులోనే తెలిసింది.

చిత్తూరు అనగానే అందరికీ మామిడికాయలు గుర్తొస్తాయి. మా పిల్లలకి మాత్రం చాక్లెట్లు. న్యూట్రిన్ కంపెనీ 1952లో పుట్టింది మా ఊళ్ళోనే. మహాలాక్టో, ఆసే ఇక్కడివే. 2006లో గోద్రెజ్ వాళ్ళు కొన్నారు. మన ఊరి చాక్లెట్ దేశమంతా తింటోందని పెద్దోళ్ళు గొప్పగా చెప్పేవాళ్ళు. మాకేమో స్కూల్ పక్క అంగట్లో సీసాల్లో కనబడేది. ఆ సీసాల పక్కనే కమ్మర్‌కట్టు, తేనె మిఠాయి, బొరుగుండలు. ఏదైనా రూపాయే.

ఆన్యువల్ పరీక్షల ఫీజు 60 రూపాయలు. అమ్మ చేతిరుమాల్లో మూటకట్టి ఇచ్చింది. అన్నీ చిల్లర. మూట విప్పితే చింతపండు వాసన. ఎండాకాలం వస్తే మా వీధిలో ఆడోళ్ళందరిదీ అదే పని. మండీ వాళ్ళు బస్తాలు దించిపోతారు. పెంకు తీసి, ఈనెలు లాగి, రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి గింజ తీయాల. అప్పుడు మాకు కిలోకి ఆరు రూపాయలు ఇచ్చేవాళ్ళు.

అంగడి కాడ నా కాళ్ళు ఆగిపోయాయి. పక్కనే ఫ్రెండు.

"మూడు రూపాయలు తీయరా. యాడో పడిపోయిందని చెప్పు. అయివారు ఏం చేస్తాడు?"

నిజమే అనిపించింది. 60లో మూడు పోతే 57. నోట్లో నీళ్ళూరతా ఉండాయి. కానీ బుర్రలో ఇంకో లెక్క మొదలైంది. కిలోకి ఆరైతే మూడు రూపాయలంటే అరకిలో. అరకిలో కొట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని గింజలు ఏరేది నేనే కదా. కమ్మర్‌కట్టు నోట్లో ఎంతసేపుంటుందో కూడా తెలుసు.

మూట మళ్ళీ కట్టేశాను.

మావాడు "పిసినారి నా కొడకా" అని తిట్టి, తన రూపాయితో ఒక కమ్మర్‌కట్టు కొన్నాడు. చొక్కా అంచులో పెట్టి కొరికి, సగం నాకిచ్చాడు. కాకెంగిలి! దానంత తీపి ఇప్పటికీ దేంట్లోనూ దొరకలేదు.

నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని ఇదంతా రాయడం లేదు. నా సొంత రూపాయుంటే నేనూ కొనుండేవాణ్ణి. తీపి మీద ఆశపడటం పిల్లల తప్పు కాదు. ఆ డబ్బు ఎట్లా వచ్చిందో కళ్ళారా చూసుండటం నా అదృష్టం, అంతే. చూడని పిల్లోడికి 60 రూపాయలంటే 60 కమ్మర్‌కట్లు. నాకు పది కిలోల చింతపండు.

ఇప్పుడు సెమిస్టర్ ఫీజు ఫోన్‌పేలో వస్తుంది. టింగ్ మంటుంది, ఏ వాసనా రాదు. మొన్న ఎండాకాలం అమ్మకి ఫోన్ చేసినప్పుడు వెనకాల సుత్తి చప్పుడు వినబడింది.

"ఇప్పుడు కిలోకి ఎంతిస్తా ఉండారు మా?" అని అడిగా.

"ఆ లెక్కలన్నీ నీకెందుకు నాయినా? తిన్నావా లేదా చెప్పు" అంది.